గురక ఒక్కటే, రోగాలు నాలుగు

కోళ్ల షెడ్డులో జబ్బు ముందు చెవికి తెలుస్తుంది, తర్వాతే కంటికి. రాత్రి లైట్లు ఆర్పేసి, దాణా తొట్ల దగ్గర సందడి సద్దుమణిగాక, అనుభవం ఉన్న రైతు షెడ్డు మధ్యలో నిలబడి ఐదు నిమిషాలు ఊరికే వింటాడు. బ్యాచ్ ఆరోగ్యంగా ఉంటే నిద్రపోతున్న కోళ్ల సన్నని కదలిక తప్ప ఏమీ వినపడదు. ఏ మూల నుంచో తడి గురక, మధ్యలో ఒక తుమ్ము, నోరు తెరిచి లాగుతున్న ఊపిరి వినపడితే మాత్రం ఆ రాత్రి ఆ ఇంట్లో ఎవరికీ కంటి మీద కునుకుండదు.

తెల్లారగానే మందుల షాపుకు ఫోన్. "గురక పెడుతున్నాయి, ఏం వెయ్యమంటారు?" జవాబూ అంతే తొందరగా వస్తుంది: ఫలానా యాంటీబయాటిక్ నీళ్లలో కలిపి పెట్టండి. అడగడానికీ వెయ్యడానికీ మధ్య ఉండాల్సిన ఒక మెట్టు ఇక్కడ తప్పిపోయింది. గురక తెప్పించింది ఏ సూక్ష్మజీవో ఎవరూ చూడలేదు. ఈ వ్యాసం ఆ మెట్టు గురించే. కోడి గాలిగొట్టంలో చేరిన వైరస్‌ను దాని జన్యువును బట్టి గుర్తుపట్టి, కొన్ని గంటల్లో పేరుతో సహా చెప్పే పరీక్షలు ఇవాళ ఉన్నాయి. అవి ఎలా పనిచేస్తాయో, ఏం చెబుతాయో, ఏం చెప్పలేవో తెలుగు రైతు తెలుసుకోవాలి. 2023-24లో దేశం మొత్తం మీద వచ్చిన సుమారు 14,277 కోట్ల గుడ్లలో 30 శాతానికి పైగా ఆంధ్రప్రదేశ్, తెలంగాణ షెడ్లలోంచి వచ్చినవే. ఈ గురక మన ఇంటి సంగతి.

ఆ నలుగురు

మొదటిది పల్లెల్లో కొక్కెర తెగులు అనే రాణీఖేత్ వ్యాధి. 1926 ప్రాంతంలో జావాలోనూ ఇంగ్లండ్‌లోని న్యూకాజిల్ దగ్గరా ఈ రోగాన్ని గుర్తించారు. ఆ తర్వాత కొద్ది కాలానికే కుమావూ కొండల్లోని రాణీఖేత్‌లో బయటపడింది. ప్రపంచం న్యూకాజిల్ అంటే మనకు రాణీఖేత్ అన్న పేరే నిలిచిపోయింది. గురక, ఆకుపచ్చ రెట్ట, బతికి బట్టకట్టిన కోళ్లలో మెడ మెలి తిరిగిపోవడం దీని గుర్తులు.

రెండోది ఇన్ఫెక్షియస్ బ్రాంకైటిస్, రైతుల మాటలో ఐబీ. దీన్ని తెచ్చేది ఒక కరోనా వైరస్. 1931లో అమెరికాలోని నార్త్ డకోటాలో కోడిపిల్లల్లో ఈ రోగాన్ని మొదటిసారి వర్ణించారు. మనుషుల్లో కరోనా వైరస్‌లను గుర్తించడానికి 1960ల దాకా పట్టింది. లేయర్ కోళ్లలో గురక తగ్గినా ఐబీ నష్టం ఆగదు. గుడ్డు పెంకు ముడతలు పడుతుంది, పగలగొడితే తెల్లసొన నీళ్లలా జారిపోతుంది. పిల్లగా ఉన్నప్పుడే సోకితే గుడ్డు తయారయ్యే గొట్టం లోపలే పాడైపోవచ్చు. ఆ కోడి పెరుగుతుంది, దాణా తింటుంది, గుడ్డు మాత్రం పెట్టదు.

మూడోది ఐఎల్‌టీ, అంటే ఇన్ఫెక్షియస్ లారింగోట్రాకైటిస్. దీన్ని తెచ్చే వైరస్ హెర్పిస్ కుటుంబానికి చెందింది. కోడి మెడ చాచి, నోరు తెరిచి ఊపిరి లాగుతుంది. దగ్గితే నెత్తురు కలిసిన తెమడ కేజ్ తీగల మీద పడుతుంది. తగ్గిపోయిందనుకున్న కోడి నాడుల్లో ఈ వైరస్ దాక్కుని ఉండి, కోడి ఒత్తిడిలో పడిన రోజున మళ్లీ బయటికొస్తుంది.

నాలుగోది బర్డ్ ఫ్లూ. ఇందులో హెచ్9ఎన్2 వంటి తక్కువ తీవ్రత రకాలు గురకతో, గుడ్లు తగ్గడంతో సరిపెట్టవచ్చు. హెచ్5ఎన్1 తీవ్ర రకం అలా కాదు. తురాయి, తమ్మెలు నీలం తిరుగుతాయి, కాళ్ల మీద రక్తపు మచ్చలు తేలతాయి, కొద్ది రోజుల్లో షెడ్డు ఖాళీ అవుతుంది.

కాగితం మీద ఈ నాలుగూ నలుగురు మనుషుల్లా విడివిడిగా కనిపిస్తాయి. షెడ్డులో అలా ఉండవు. వ్యాక్సిన్ వేసిన బ్యాచ్‌లో రాణీఖేత్ మెత్తగా వచ్చి ఐబీలా కనిపిస్తుంది. హెచ్9ఎన్2కు ఈ-కోలై బ్యాక్టీరియా తోడైతే పెద్ద రోగంలా భయపెడుతుంది. తీవ్రమైన రాణీఖేత్‌లోనూ హెచ్5ఎన్1లోనూ పోస్టుమార్టం చేస్తే కందనకాయకు ముందుండే జీర్ణాశయంలో ఒకే రకమైన రక్తపు చుక్కలు కనిపించవచ్చు. పైగా సీఆర్‌డీ అనే దీర్ఘకాలిక శ్వాస రోగం తెచ్చే మైకోప్లాస్మా ఉంది, అది వైరసే కాదు, బ్యాక్టీరియా. లిట్టర్ తడిసి అమోనియా ఘాటెక్కినా కోళ్లు దగ్గుతాయి. ఎంత చేయి తిరిగిన పశువైద్యుడైనా కంటితో చూసి చెప్పేది బలమైన అనుమానమే. నిర్ధారణకు ఇంకొకటి కావాలి.

పేరు తెలిస్తే ఏం మారుతుంది

రాణీఖేత్ అని తేలితే పక్క షెడ్లలో ఇంకా సోకని బ్యాచ్‌లకు లసోటా టీకా వేసి కాపాడుకోవచ్చు. ఐబీ అయితే వైరస్‌కు మందు లేదు. షెడ్డులో గాలి, వేడి సరిచూసి, వెనకే వచ్చే బ్యాక్టీరియాను అదుపు చేయాలి, తర్వాతి బ్యాచ్‌కు ఏ రకం టీకా సరిపోతుందో చూసుకోవాలి. ఐఎల్‌టీ అయితే కోలుకున్న కోళ్లను కొత్త బ్యాచ్‌తో కలపకూడదు. తీవ్ర రకం బర్డ్ ఫ్లూ అయితే వైద్యం అన్న మాటే ఉండదు. గేటు మూసేయాలి, కోడి, గుడ్డు, దాణా బండి ఏదీ కదలకూడదు, పశుసంవర్ధక శాఖకు వెంటనే చెప్పాలి. సీఆర్‌డీ అయితేనే అసలు రోగం మీద యాంటీబయాటిక్‌కు పని ఉంది.

పేరు తెలియకుండా పెట్టిన యాంటీబయాటిక్ వైరస్‌ను ఏమీ చేయదు. రైతు డబ్బు పోతుంది, షెడ్డులోని బ్యాక్టీరియా ఆ మందుకు అలవాటు పడుతుంది. అంతకంటే విలువైనది ఇంకోటి పోతుంది: రెండు రోజుల సమయం. అంటురోగంలో ఆ రెండు రోజుల్లోనే పక్క షెడ్డు గతి తేలిపోతుంది.

పుల్ల కొనన తడి

జన్యు పరీక్ష అనగానే యంత్రం గుర్తొస్తుంది. నిజానికి అది చిన్న పుల్ల దగ్గర మొదలవుతుంది. ఒకరు కోడిని చంకలో పెట్టుకుని రెక్కలు కదలకుండా పట్టుకుంటారు. ఇంకొకరు ఎడమచేత్తో ముక్కు తెరిచి, నాలుక వెనక కోడి ఊపిరి తీసినప్పుడల్లా తెరుచుకునే సన్నని చీలిక కోసం చూస్తారు. అదే గాలిగొట్టం నోరు. అది తెరుచుకున్న క్షణంలో స్వాబ్ లోపలికి పోనిచ్చి, గోడకు తగిలేలా మెల్లగా తిప్పి తీస్తారు. కొనన జిగట అంటితేనే శాంపిల్ వచ్చినట్టు. ఎండిపోయిన స్వాబ్ తెచ్చే నెగెటివ్‌కు అర్థం లేదు. మలద్వారం నుంచి ఇంకో స్వాబ్ తీస్తారు, ఎందుకంటే కొన్ని వైరస్‌లు పేగుల్లో ఎక్కువ కాలం ఉంటాయి. రెండింటినీ వైరస్ చెడిపోకుండా కాపాడే ద్రవం ఉన్న గొట్టాల్లో ముంచి, మూత బిగించి, ఐస్ ప్యాకుల మధ్య పెడతారు. మామూలు దూది చుట్టిన చెక్కపుల్ల వాడకూడదు. ఆ పదార్థాలు పరీక్షను అడ్డుకుంటాయి. పాలిస్టర్ స్వాబ్ కావాలి.

ఎన్ని కోళ్ల నుంచి తీయాలన్నది లెక్క ప్రశ్న. షెడ్డులో పదింట ఒక కోడికి వైరస్ సోకిందనుకుందాం. ఏరకుండా చేతికందిన ఐదు కోళ్లను పట్టుకుంటే, నూటికి 59 సార్లు ఆ ఐదూ మంచివే అవుతాయి, రిపోర్టు నెగెటివ్ వస్తుంది. అదే 30 కోళ్ల నుంచి తీస్తే తప్పిపోయే అవకాశం నూటికి నాలుగు సార్లకు దిగుతుంది. ఐదేసి స్వాబ్‌లను ఒక గొట్టంలో కలిపితే 30 కోళ్లకూ ఆరు పరీక్షలు సరిపోతాయి. గురక పెడుతున్నవాటినీ, ముడుచుకుని కూర్చున్నవాటినీ, అప్పుడే చచ్చినవాటినీ ఏరి తీస్తే దొరికే అవకాశం ఇంకా పెరుగుతుంది. శాంపిల్ తీసే చేతికి ఈ శిక్షణ లేకపోతే ఆ పైన ఎంత ఖరీదైన యంత్రం పెట్టినా ఫలితం లేదు.

ఒకటి రెండై, రెండు నాలుగై

కోవిడ్ రోజుల్లో ఆర్‌టీ-పీసీఆర్ అన్న మాట ప్రతి ఇంటికీ చేరింది. కోళ్లకు చేసేదీ అదే. ఒక్క స్వాబ్ కొనన ఉండే వైరస్ జన్యువు కంటికి గానీ సూక్ష్మదర్శినికి గానీ చిక్కనంత తక్కువ. దాన్ని కనిపించేంతగా పెంచడమే పీసీఆర్ పని. అమెరికా శాస్త్రవేత్త కేరీ మల్లిస్ 1983లో ఈ పద్ధతిని కనిపెట్టారు, 1993లో నోబెల్ అందుకున్నారు.

రాణీఖేత్, ఐబీ, బర్డ్ ఫ్లూ మూడింటి జన్యువూ ఆర్‌ఎన్‌ఏ. పీసీఆర్ డీఎన్‌ఏనే పెంచగలదు కాబట్టి ముందు ఆర్‌ఎన్‌ఏను డీఎన్‌ఏగా తిరగరాస్తారు. ఆర్‌టీ అన్న రెండక్షరాలు ఆ మెట్టుకే. ఐఎల్‌టీ వైరస్‌ది పుట్టుకతోనే డీఎన్‌ఏ, దానికి ఈ మెట్టు అక్కర్లేదు. తర్వాత గొట్టాన్ని 95 డిగ్రీల సెల్సియస్ దాకా వేడిచేస్తే డీఎన్‌ఏ జంట పోగులు విడిపోతాయి. 60 డిగ్రీల దగ్గరికి చల్లార్చితే ప్రైమర్లు వచ్చి అతుక్కుంటాయి. ప్రైమర్ అంటే సుమారు ఇరవై అక్షరాల పొట్టి జన్యు ముక్క. తనకు సరిపడే వరుస దొరికితేనే అతుకుతుంది. రాణీఖేత్ ప్రైమర్ రాణీఖేత్ జన్యువును మాత్రమే పట్టుకుంటుంది, పక్కనే ఐబీ ఉన్నా ముట్టుకోదు. అతికిన చోటి నుంచి ఎంజైమ్ కొత్త పోగును అల్లుతుంది. ఒకటి రెండవుతుంది, రెండు నాలుగవుతాయి, నాలుగు ఎనిమిదవుతాయి. అంతా సవ్యంగా సాగితే 30 చుట్లు తిరిగేసరికి ఒక్క ముక్క 107 కోట్లవుతుంది.

ప్రతి చుట్టుకీ గొట్టంలో వెలుగు కొంచెం పెరిగేలా ఒక రంగు పదార్థం కలుపుతారు. యంత్రం ఆ వెలుగును కొలుస్తూ తెర మీద గీత గీస్తుంది. గీత చాలాసేపు నేలబారుగా పోయి, ఒకచోట ఒక్కసారిగా లేస్తుంది. ఎన్నో చుట్టు దగ్గర లేచిందో ఆ అంకెనే సీటీ విలువ అంటారు. 18 దగ్గర లేస్తే కోడి గొంతు నిండా వైరస్ ఉన్నట్టు. 34 దగ్గర లేస్తే జాడ మాత్రమే ఉన్నట్టు. ఈ రెండంకెల మధ్య తేడా 16 చుట్లు, అంటే వైరస్ పరిమాణంలో సుమారు 65,000 రెట్లు. ఒక్కో వైరస్‌కు ఒక్కో రంగు పెడితే ఒకే గొట్టంలో మూడు నాలుగు వైరస్‌లను కలిపి వెతకవచ్చు. శాంపిల్ ల్యాబ్ బల్ల మీదికి వచ్చాక మూడు నాలుగు గంటల పని.

పాత పద్ధతితో పోల్చితే ఈ వేగం విలువ తెలుస్తుంది. వెనక అయితే తొమ్మిది నుంచి పదకొండు రోజులు పొదిగిన గుడ్లలోకి శాంపిల్ ఎక్కించి, నాలుగైదు రోజులు, ఒక్కోసారి వారం చూసేవారు. వైరస్ కనపడకపోతే ఇంకోసారి ఎక్కించి మళ్లీ చూసేవారు. బతికున్న వైరస్‌ను చేతికిచ్చే ఆ పద్ధతి ఇప్పటికీ పెద్ద ల్యాబుల్లో అవసరమే. షెడ్డులో కోళ్లు రాలుతున్న రైతు మాత్రం వారం ఆగలేడు.

ఆ నాలుగైదు అక్షరాలు

పేరు ఒక్కటే చాలదు, గుణం కూడా తెలియాలి. ఈ విద్యలో నన్ను అన్నిటికంటే కదిలించేది ఇదే. రాణీఖేత్‌దీ బర్డ్ ఫ్లూదీ వేర్వేరు వైరస్ కుటుంబాలు. రెండూ కణంలోకి దూరాలంటే తమ ఒంటి మీది ఒక ప్రొటీన్ రెండుగా తెగాలి. ఆ కోత పెట్టేది కోడి ఒంట్లోని ఎంజైమే. మెత్తని రకాల్లో ఆ కోత చోటును గాలిగొట్టంలోనూ పేగుల్లోనూ ఉండే కొన్ని ఎంజైములే కోయగలవు. అందుకే రోగం అక్కడే ఆగుతుంది. తీవ్ర రకాల్లో అదే చోట ఆర్జినైన్, లైసిన్ అనే అమైనో ఆమ్లాలు గుంపుగా చేరతాయి. ఆ వరుసను ఒంట్లోని దాదాపు అన్ని కణాల్లో ఉండే ఫ్యూరిన్ అనే ఎంజైమ్ కోసేస్తుంది. దాంతో మెదడు, గుండె, కాలేయం, అన్నిటి తలుపులూ వైరస్‌కు తెరుచుకుంటాయి.

ఆ కాసిన్ని అక్షరాలు చదివితే ఈ వైరస్ గురకతో పోతుందా, షెడ్డునే తుడిచిపెడుతుందా అన్నది తెలుస్తుంది. బర్డ్ ఫ్లూ పరీక్ష మెట్టు మెట్టుగా సాగేది ఇందుకే. ముందు అన్ని ఇన్‌ఫ్లూయెంజా ఏ రకాల్లోనూ పెద్దగా మారకుండా ఉండే మ్యాట్రిక్స్ జన్యువు కోసం చూస్తారు. ఉంటే హెచ్5, హెచ్7, హెచ్9లలో ఏదో తేలుస్తారు. ఆపైన కోత చోటును అక్షరం అక్షరం చదువుతారు.

పాజిటివ్ వస్తే

జన్యు పరీక్ష జన్యువు ఉందని చెబుతుంది. ఈ రోగం దానివల్లే వచ్చిందని చెప్పదు. ఈ తేడా తెలియకపోతే వేగమే తప్పుదారి పట్టిస్తుంది. లసోటా టీకాలో ఉండేది బతికున్న మెత్తని రాణీఖేత్ వైరస్. టీకా వేసిన పది రోజులకు స్వాబ్ తీస్తే పాజిటివ్ వచ్చే అవకాశం ఎక్కువ. అది టీకా వైరసా, ఊరి మీద పడ్డ వైరసా అన్నది కోత చోటు చదివితేనే తేలుతుంది. ఐబీలో హెచ్120 టీకా వైరస్‌తోనూ ఇదే చిక్కు. అక్కడ ఎస్1 అనే జన్యు భాగాన్ని చదవాలి. అందుకే శాంపిల్‌తో పాటు ఒక కాగితం వెళ్లాలి: కోళ్ల వయసు, ఏ టీకా ఏ తేదీన వేశారు, చావులు ఏ రోజు నుంచి, గుడ్లు ఎంత తగ్గాయి. ఆ కాగితం లేని పాజిటివ్ సగం సమాధానమే.

నెగెటివ్‌నూ అలాగే చూడాలి. వైరస్ మారుతూ ఉంటుంది. ప్రైమర్ అతకాల్సిన చోట అక్షరాలు మారితే పరీక్ష దాన్ని చూడలేదు. అందుకే ల్యాబులు ఎప్పటికప్పుడు స్థానిక వైరస్‌ల జన్యువులు చదివి ప్రైమర్లను సరిచూసుకోవాలి. ఎక్కడో తయారైన కిట్ మన గోదావరి జిల్లాల్లో తిరిగే వైరస్‌కు సరిపోతుందని పరీక్షించకుండా నమ్మకూడదు.

భోపాల్ దాకా దారి

మన దేశంలో బర్డ్ ఫ్లూ మొదట 2006 ఫిబ్రవరిలో మహారాష్ట్రలోని నవాపూర్‌లో బయటపడింది. 2024 ఫిబ్రవరిలో నెల్లూరు జిల్లాలో, 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో వచ్చింది. 2025లో తూర్పు గోదావరి జిల్లా పెరవలి మండలం కానూరు అగ్రహారం, పశ్చిమ గోదావరి జిల్లా తణుకు మండలం వేల్పూరు శాంపిళ్లలో వైరస్ ఉన్నట్టు చెప్పింది భోపాల్‌లోని జాతీయ ప్రయోగశాల. బర్డ్ ఫ్లూను అధికారికంగా ప్రకటించేముందు ఆ ల్యాబ్ మాట కావాలి. ఆ కట్టుబాటుకు కారణముంది. ఒక్క పాజిటివ్‌తో కిలోమీటరు పరిధిలో కోళ్లన్నిటినీ చంపాలి, పది కిలోమీటర్ల దాకా నిఘా పెట్టాలి, ఎగుమతుల మీద దెబ్బ పడుతుంది. అంత బరువైన మాట పొరపాటుగా రాకూడదు. ప్రమాదకరమైన వైరస్‌తో పనిచేయడానికి అంత భద్రత ఉన్న ల్యాబూ కావాలి.

అయినా తణుకు నుంచి భోపాల్‌కు రోడ్డు మీద వెయ్యి కిలోమీటర్లకు పైనే. యంత్రం మూడు నాలుగు గంటల్లో చేసే పనికి ముందు ప్రయాణం రోజుల్లో ఉంటుంది. ఆ రోజుల ఖర్చు ఎవరి మీద పడుతోందో చూడాలి. పరిహారం అధికారులు చంపించిన కోళ్లకే వస్తుంది. అప్పటికే చచ్చిపోయినవాటికి రాదు. హెచ్5ఎన్1 షెడ్డులో ప్రతి రోజూ వేల కోళ్లు రాలుతుంటే, ఫలితం ఒక రోజు ఆలస్యమైతే ఆ వేల కోళ్ల పరిహారం రైతు చేతికి రాకుండా పోతుంది. ఇంతకంటే పెద్ద ప్రమాదం ఇంకోటి ఉంది. ఆ ఎదురుచూపులో భయపడి బతికున్న కోళ్లను అయినకాడికి అమ్మేస్తే, వైరస్ లారీ ఎక్కి పక్క జిల్లాకు పోతుంది. 2025లోనే ఆంధ్రప్రదేశ్‌లో ఒక పసిబిడ్డ హెచ్5ఎన్1తో మరణించింది. ఈ వైరస్ నష్టం కోళ్లతో ఆగదని ఆ మరణం చెబుతోంది.

షెడ్డుకు దగ్గరగా

ఈ దారిని దగ్గర చేసే పద్ధతులు ఉన్నాయి. జపాన్‌లో 2000లో వెలువడిన ల్యాంప్ అనే పద్ధతికి వేడి చల్లార్చే ఖరీదైన యంత్రం అక్కర్లేదు. 60 నుంచి 65 డిగ్రీల మధ్య ఒకే వేడి మీద జన్యువు పెరుగుతుంది, గంటలోపు గొట్టంలో రంగు మారుతుంది. స్టేప్లర్ అంత ఉండే నానోపోర్ పరికరం జన్యువును అక్కడికక్కడే అక్షరాలుగా చదవగలదు. వీటిని జిల్లా కేంద్రంలోని పశువ్యాధి నిర్ధారణ ల్యాబులో పెట్టవచ్చు.

రైతు ఇంటికే ఇచ్చేయాలని మాత్రం నేను అనను. ల్యాంప్ గొట్టం ఒకసారి తెరిస్తే కోట్ల జన్యు ముక్కలు గాలిలో కలిసి, తర్వాతి పరీక్షలను తప్పుగా పాజిటివ్ చేయవచ్చు. ఈ షెడ్డు నుంచి ఆ షెడ్డుకు తిరిగే పరీక్ష పెట్టే వైరస్‌ను మోయవచ్చు. 2009 నాటి జంతు అంటువ్యాధుల చట్టం ప్రకారం బర్డ్ ఫ్లూ అనుమానాన్ని అధికారులకు చెప్పడం యజమాని బాధ్యత. గుట్టుగా చేసుకునే పరీక్ష ఆ బాధ్యతను దాటవేయడానికి దారి చూపుతుంది. నేను కోరేది వేరు. జిల్లా ల్యాబులో ఆ రోజే తొలి పరీక్ష జరగాలి. అనుమానం తేలిన గంట నుంచే ఆ షెడ్డు కదలికలు ఆగాలి, ఆ గంట నుంచే పరిహారం లెక్క మొదలవ్వాలి. తుది మాట భోపాల్ చెప్పనీ. ఎదురుచూసిన రోజుల నష్టం మాత్రం రైతు ఒక్కడి నెత్తిన పడకూడదు. ముందు చెప్పినవాడు నష్టపోడన్న నమ్మకం కుదిరితే ఫోన్ ముందే మోగుతుంది. ఆ ఫోన్ మోగకపోతే ఎంత వేగమైన యంత్రమైనా ఖాళీగానే ఉంటుంది.

రాత్రి షెడ్డులో నిలబడి గురక విన్న రైతు ఆ గంటే రాసి పెట్టుకోవాలి: ఏ వరుస, ఎన్ని కోళ్లు, ఎన్ని గంటలకు. తెల్లారాక మొదటి ఫోన్ పశువైద్యుడికి చేయాలి. స్వాబ్ తీసేదాకా గేటు మూసి ఉంచాలి, చచ్చిన కోడిని కాలవలో వెయ్యకూడదు, చెప్పులు మార్చకుండా పక్క షెడ్డులోకి అడుగుపెట్టకూడదు. ల్యాబులో గీత లేచే క్షణానికి ముందు జరగాల్సిన పరీక్షంతా ఇదే. ఇది ఇవాళ్టి నుంచే రైతు చేతిలో ఉంది. మిగిలిన దారిని దగ్గర చేయడం ప్రభుత్వం చేతిలో ఉంది.